కొరియా సారు అన్నం ముట్టలేదు

ఆ రోజుల్లో నాకు ప్రపంచమంటే ఖరగ్‌పూర్ స్టేషన్లో ఆగే రైళ్ళు వెళ్ళే ఊళ్ళే. రైలు వెళ్ళని ఊరంటూ ఉంటే ఉండనీ, మనకెందుకు అన్నట్టుండేది మా రైల్వే కాలనీ పిల్లల వరస. అలాంటి నాకు కొరియన్ భాష మీద మోజు ఎలా పుట్టిందో సరిగ్గా చెప్పలేను. ఫోన్లో ఏదో సీరియల్ చూస్తూ చూస్తూ, కింద వచ్చే ఇంగ్లీషు చదవడం మానేసి మాటలు వినడం మొదలుపెట్టాను, అంతే. వాళ్ళ వాక్యంలో కూడా క్రియ మనలాగే చివరికి వచ్చి కూర్చుంటుందని తెలిసిన రోజు నేను నేల మీద నడవలేదు. (నవ్వకండి. ఇరవై ఏళ్ళ వయసులో కొందరికి ప్రేమలో పడితే ఇలా అవుతుందట, నాకు క్రియతో అయింది.) ఎక్కడో సముద్రాల అవతల ఉన్న మనుషులు, మనం ఆలోచించే వరసలోనే ఆలోచిస్తున్నారు! పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు మన 'అండీ' లాగా మాట చివర 'యో' అని తగిలిస్తున్నారు! ఈ సంగతి కాలనీలో ఎవరికి చెప్పినా నా వంక జాలిగా చూసేవారు.

ఉచ్చారణ మాత్రం నా ప్రాణం తోడేసింది. వాళ్ళకు 'క' లాంటివి మూడున్నాయి. ఒకటి మెత్తగా పలకాలి, ఒకటి గాలి వదులుతూ, ఒకటి గొంతు బిగపట్టి. మూతి ముందు కాగితం ముక్క పట్టుకుని, అది ఎప్పుడు ఊగాలో ఎప్పుడు ఊగకూడదో చూసుకుంటూ సాధన చేసేదాన్ని. వర్క్‌షాపు నుంచి వచ్చిన నాన్న గుమ్మంలోనే ఆగిపోయి, "ఏటే అమ్మీ ఆ దగ్గు? రైల్వే ఆస్పత్రికి ఎల్లి సూపించుకోరాదేటి?" అనేవారు. "దగ్గు కాదురా, అది సదూతంది" అని నాయనమ్మ వంటింట్లోంచి నన్ను వెనకేసుకొచ్చేది.

అంతలో విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీకి కొత్త యంత్రాలు వచ్చాయి. వాటిని బిగించడానికి కొరియా నుంచి ఒక సారు వచ్చారు, ఆయనతో రావలసిన దుబాసీ రాలేదు. ఆ నోటా ఈ నోటా తెలిసి నన్ను పిలిచారు. అక్కడి బెంగాలీ మేనేజర్ దాదా ఉన్నమాట చెప్పేశాడు. సారు తిరిగి వెళ్ళేటప్పుడు ఈ పిల్ల పనికొస్తుందంటే ఉద్యోగం పర్మనెంటు, లేదంటే 'ఠీక్ హై, నమస్తే'. మాకు అది మామూలు మాట కాదు. నాన్న రిటైర్మెంటు దగ్గరపడింది. ఆ తర్వాత క్వార్టర్ ఖాళీ చేయాలి. నాకు ఉద్యోగం వస్తే ఇక్కడే అద్దెకుంటాం, రాకపోతే శ్రీకాకుళం వైపు మేము పెళ్ళిళ్ళకు తప్ప వెళ్ళని ఊరికి మూటాముల్లె కట్టాలి.

మొదటిరోజు ఆయనకు కుర్చీ చూపించి "ఆన్‌జుసెయో" అన్నాను. ఆయన కూర్చున్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. ఇన్నాళ్ళూ స్నానాలగదిలో బకెట్‌కు మాత్రమే వినిపించిన మాట వినగానే ఒక నిండు మనిషి, కొరియా మనిషి, కూర్చున్నాడు! మళ్ళీ లేవమని చెప్పి ఇంకోసారి కూర్చోబెట్టాలనిపించింది గానీ ఉద్యోగం గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఆయన క్యాంటీన్ తిండి తినలేక బిస్కెట్లూ అరటిపళ్ళతో కాలక్షేపం చేస్తున్నారని చెబితే నాన్న ఊరుకోలేదు. "దేశం కాని దేశం వొచ్చిన మనిషి. ఆదివారం మనింటికి భోజనానికి తీసుకురా" అన్నారు. పొద్దున్నే గోల్‌బజార్ వెళ్ళి మంచి చేప తెచ్చారు. నేను పాఠాలన్నీ తిరగేశాను. హోటల్లో కారం తగ్గించమని అడగడం వచ్చు, టాక్సీ ఎక్కడం వచ్చు, ఆస్పత్రిలో కడుపు నొప్పని చెప్పడం కూడా వచ్చు. ఇంటికొచ్చిన అతిథితో ఏం మాట్లాడాలో మాత్రం ఏ పాఠంలోనూ లేదు.

సారు వచ్చారు. నాయనమ్మకు నడుం వంచి దండం పెట్టారు. చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. నాయనమ్మ పళ్ళెంలో వేడి అన్నం, చేపల పులుసు వడ్డించింది. ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని అలాగే ఉండిపోయారు. నాన్న చెంచా తెచ్చి ఇచ్చారు. దాన్ని రెండు చేతులతో అందుకుని పళ్ళెం పక్కన పెట్టి మళ్ళీ కూర్చున్నారు. నాయనమ్మ ఇంకో గరిటెడు పులుసు పోసింది. ఉహూఁ. "వాసన నచ్చనేదేటే?" అని నాయనమ్మ నన్ను గిల్లింది. నాకు కళ్ళ ముందు మూటాముల్లె కనిపిస్తోంది.

అప్పుడు ఆయన నాయనమ్మను చూస్తూ మెల్లగా, "హల్మొని మొన్‌జొ" అన్నారు. హల్మొని అంటే నాయనమ్మ, మొన్‌జొ అంటే ముందు. వాళ్ళలో ఇంటికి పెద్దవాళ్ళు ముద్ద ఎత్తేదాకా చిన్నవాళ్ళు తినకూడదని సీరియల్లో చూసింది అప్పుడు గుర్తొచ్చింది.

"నాయనమ్మా, ముందు నువ్వు తినాలంట."

"నానా? ఇంటికొచ్చిన మనిషి తినకుండా నానెలగ తింటానే? సిగ్గునేదేటి మనకి? ఆయన్ని తినమను."

"సొన్నిమ్ మొన్‌జొ" అన్నాను. అతిథి ముందు అని.

ఆయన తల అడ్డంగా ఊపి, "హల్మొని మొన్‌జొ" అన్నారు.

నాయనమ్మా తల అడ్డంగా ఊపింది. అటు రెండు మాటలు, ఇటు రెండు మాటలు, మధ్యలో చల్లారుతున్న పులుసు. నా చదువంతా ఆ రెండు మాటల మధ్య ఇరుక్కుంది. ఇద్దరివీ ఎంత మొండి మర్యాదలంటే, ఎవరు గెలిచినా రెండోవాళ్ళకు అవమానమే. చివరికి ఏడుపు గొంతుతో "కాచి!" అన్నాను. కలిసి, అని అర్థం. ఆయన ముఖం విప్పారింది. లేచి పక్కకు జరిగి, చాప మీద చోటు చూపించారు.

"ఇద్దరూ ఒక్కపాలి తినాలంట నాయనమ్మా. నువ్వు కూకోకపోతే ఆయన పస్తే."

నాయనమ్మ గరిటె నాన్న చేతిలో పెట్టి, కొంగు సర్దుకుని కూర్చుంది. నాన్న గిన్నెలోని వేడన్నం ఆవిడకు వడ్డించారు. ఆవిడ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది, సారు చెంచా ఎత్తారు. పళ్ళెంలోంచి పొగలు లేస్తున్నాయి, నాయనమ్మ ముద్దను ఊదుకుంటోంది. అది చూసి నేనూ నాన్నా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నాయనమ్మ వేడన్నం తినడం అంతకుముందెప్పుడూ నేను చూడలేదు. అందరం తిన్నాక అడుగూబొడుగూ చల్లగా తినేది. కొడుకు అయివుండీ నాన్నా చూసినట్టు లేదు. ఎక్కడో కొరియా నుంచి ఒకాయన వచ్చి, ముద్ద ముట్టకుండా కూర్చుంటే గానీ మాకు కనబడలేదు. నాకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా ఆశ్చర్యమేసింది.

ఆ మర్నాటి నుంచి నాన్న, "నువ్వు తినందే నాను కూకోను" అని నాయనమ్మతో పేచీ మొదలుపెట్టారు. "నానేటి కొరియాదాన్నా?" అని విసుక్కుంటూనే ఆవిడ తినేది. సారు వెళ్ళేముందు మేనేజర్ దాదాకు నా గురించి మంచిమాట చెప్పారు. పర్మనెంటు కాగితం చేతికి రాగానే ఇంటికి పరుగెత్తి, "నాయనమ్మా, ఉద్యోగం!" అని గుమ్మంలోంచే అరిచాను. ఆవిడ పళ్ళెం ముందు కూర్చుని ఉంది. తలైనా ఎత్తలేదు.

"ఉండవే, అన్నం సల్లారిపోద్ది. తిన్నాక ఇంటాను."

ఊరంతా వినేలా అరుద్దామని వచ్చిన అప్పటి నాలోని ఆ పిల్ల నోరు మూసుకుని, గోడకు ఆనుకుని, ఆవిడ తినడం అయ్యేదాకా చూస్తూ నిలబడింది. ఆ పిల్లంటే నాకు ఇప్పటికీ ముద్దే.