మునిరత్నమ్మగారింటి ‘లేని దినం’

కందిపప్పు డబ్బా మూత తీస్తే ముందు ఆముదం వాసన వస్తుంది. పప్పు వాసన దాని వెనకాల, కొత్తకోడలిలా, కాస్త ఆలస్యంగా బయటికొస్తుంది. బెంగళూరు కుందలహళ్ళిలో మా ఫ్లాటు నుంచి కిందికి దిగితే కిరాణా కొట్టు, దిగకపోతే ఫోనులో నొక్కగానే గుమ్మంలో వాలే సరుకులు. అలాంటి చోట పప్పుకు ఆముదం పట్టించి, ఎండబెట్టి, దాచుకునే మనిషిని అందరూ ఒక రకంగా చూస్తారు. మొన్న ఇంటికొచ్చిన ఆఫీసు స్నేహితురాలు ఆ వాసన తగలగానే ముక్కు మూసుకుని, “ఏంటే, పప్పుకి తలంటు పోశావా?” అంది. పోశానన్నాను. పురుగు పట్టకుండా పప్పుకు తలంటు పోయడం నాకు నేర్పింది మునిరత్నమ్మగారు. ఆవిడ పేరు నోట్లోకి వచ్చాక ఆ రోజు ఇక వేరే కబుర్లు సాగలేదు.

కాడుగోడిలో మేము మొదట అద్దెకున్న ఇంటి యజమానురాలు ఆవిడ. మనిషి పొట్టి, గొంతు పొడుగు. పెరట్లో నిలబడి మామూలుగా మాట్లాడినా మేడ మీద మాకు వినబడేది. తరతరాలుగా బెంగళూరులోనే ఉన్న కుటుంబం; ఆ ఇంట్లో తెలుగు కన్నడంతో చక్కగా కాపురం చేసేది. నేను తెనాలి నుంచి వచ్చినదాన్ని కాబట్టి మొదట్లో “ఆంటీ” అన్నాను. “ఆంటీ గీంటీ వద్దప్పా, పెద్దమ్మా అను చాలు” అన్నారు. భర్త రామచంద్రప్పగారు ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. ఆయన ఎంత తక్కువ మాట్లాడేవారంటే, ఆయన మాటలు కూడా ఆవిడే ఎక్కడో జాడీలో నిలవ పెట్టిందని మా ఆయన శ్రీధర్ అనేవాడు.

ఇక నా సంగతి. ఒక కంపెనీ కంప్యూటర్లకు ఏదైనా ఆపద వస్తే, కరెంటు పోయినా వరదొచ్చినా పని ఆగకుండా ఏం చేయాలో ముందే ఆలోచించి పెట్టడం నా ఉద్యోగం. దాని పేరులోనే డిజాస్టర్ ఉంది. అంతటి నా ఇంట్లో ఒక్క కొవ్వొత్తి ఉండేది కాదు. కంప్యూటర్లకు ఇంకో ఊళ్ళో ఇంకో ప్రాణం పెట్టినదాన్ని, వంటింట్లో గ్యాసుబండ పక్కన ఇంకో బండ పెట్టుకోలేకపోయాను.

దిగిన కొత్తలో ఒక ఆదివారం పొద్దున నేను ఆఫీసు మీటింగులో ఉండగా కరెంటు పోయింది. కిందికి వెళితే మునిరత్నమ్మగారు మెయిన్ స్విచ్చి ఆపేసి, మేడ మీది ట్యాంకు వాల్వు కూడా తిప్పేసి, చేతులు దులుపుకుంటున్నారు. రిపేరా అని అడిగాను. “రిపేరు లేదు ఏమీ లేదు పాపా. నెలకొక తూరి మాకు లేని దినం. కరెంటు లేదు, కొళాయి లేదు, గ్యాసు లేదు. పొద్దు మునిగేదాకా ఇంతే” అన్నారు. ఇవన్నీ ఉన్నాయి కదా అన్నాను, అమాయకంగా. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, “లేనప్పుడు నేర్చుకునేదానికి అయితుందా? ఉండేటప్పుడే నేర్చుకోవల్ల” అన్నారు. మా ఆఫీసులో ఇదే ముక్క చెప్పడానికి ఒక పూట పట్టేది, మధ్యలో టీ కూడా ఇచ్చేవారు.

ఆ ఇంటి పెరట్లో ఆవిడ మామగారు తవ్వించిన బావి ఉండేది. వీధిలో అందరూ బోర్లు వేసుకుని బావులు పూడ్చి స్కూటర్లు నిలిపే చోటు చేసుకున్నారు. ఈవిడ మాత్రం బావికి మూత వేయించి, చేతిపంపు బిగించి, ఇంటి కప్పు మీద పడిన వాన అంతా కంకర గుంటలో వడగట్టుకుని బావిలోకే దిగేలా చేశారు. ప్రహరీ పొడుగునా సీమవంకాయ తీగ, మూల మునగచెట్టు, పాత బక్కెట్లలో ఆకుకూరలు, మెట్ల కింద చిన్న గదిలో రాగులు, పప్పులు, ఊరగాయలు, కట్టెల పొయ్యి. సాయంత్రం స్విచ్చి వేసే ముందు ఆవిడ మా అందరినీ అరుగు మీద కూర్చోబెట్టి ఒకటే అడిగేవారు: “ఈ తూరి ఏం తప్పింది?” ఒకసారి కట్టెలు చెమ్మగిల్లాయి. ఇంకోసారి టార్చి ఉంది, అందులో బ్యాటరీలు ఉబ్బిపోయాయి. ఒక నెల ఏమీ తప్పలేదని నేను గొప్పగా చెబితే ఆవిడ ముఖం చిన్నబోయింది. ఏమీ తప్పలేదంటే మనం సరిగా చూడలేదని అర్థమట.

కొత్త మతం పుచ్చుకున్నవాళ్ళకు భక్తి ఎక్కువ. నేను ఆ ఏడాదే బస్తాల కొద్దీ బియ్యం, పప్పు, రవ్వ కొని మంచం కింద దాచాను. ఊళ్ళో ఏ కరువొచ్చినా మా మంచం కిందికి మాత్రం రాదన్న ధీమా. కొన్నాళ్ళకు మంచం కింది నుంచి పురుగులు ఊరేగింపుగా బయల్దేరాయి. సిగ్గుపడుతూ వెళ్ళి పెద్దమ్మకు చెప్పాను. ఆవిడ పడీపడీ నవ్వి, “తినకుండా దాచిపెట్టేది మనకు కాదప్పా. ఊరికే సుమ్మనే పురుగులకు అన్నదానం చేసినావు” అన్నారు. తరవాత నన్ను మెట్ల కింది గదిలోకి తీసుకెళ్ళి చూపించారు. కొత్తది వెనక చేరాలి, పాతది ముందుకు రావాలి, రోజూ అందులోంచే తినాలి, తిన్నంత మళ్ళీ నింపాలి. నిలవ అంటే నిలబడిపోయేది కాదని, నడుస్తూ ఉండేదని ఆ గదిలో నాకు తెలిసింది. పప్పుకు తలంటు కూడా ఆ రోజే.

తరవాతి సంవత్సరం మాకు పాప పుట్టింది. వానలు మొహం చాటేసిన ఏడాది కాబట్టి, ఇంట్లో ఒక్క మబ్బయినా ఉంటుందని మేఘ అని పేరు పెట్టుకున్నాం. చంటిపిల్లతో నేను మళ్ళీ ఆఫీసులో చేరిన కొద్ది రోజులకే వీధిలో బోర్లు ఒకటొకటిగా గాలి కక్కడం మొదలైంది. తెనాలి నుంచి అమ్మ రోజూ ఫోను. “నీళ్ళు లేని ఊళ్ళో పసిదాన్ని పెట్టుకుని ఏం పడతావే, వచ్చెయ్” అనేది. వెళ్ళడం అంటే ఉద్యోగం వదలడమే. ఇంటి నుంచి పనిచేయడం ఇక కుదరదని ఆఫీసు అప్పటికే ఖాయంగా చెప్పేసింది. నేను ఆ ఎండాకాలం నిలబడితే ఉద్యోగం ఉంటుంది, పిల్లకు నీళ్ళు కరువైతే రెండో ఆలోచన లేదు. పెద్దమ్మను అడిగాను. ఉండొచ్చునన్నారు. అయితే ముందు ఇంకొక్క లేని దినం జరపాలన్నారు.

ఆ ఆదివారం ఆవిడ స్విచ్చి ముట్టుకోలేదు. పెరట్లో కుర్చీ వేయించుకుని, పక్కన చెంబుతో నీళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. “ఈ దినం కరెంటు కావల్లంటే తీసేయండి, కొళాయి కావల్లంటే ఆపేయండి. అదంతా మీ ఇష్టం. నేనే లేను” అన్నారు. అంతే, నోరు మూసుకున్నారు. ఆ పొడుగాటి గొంతు ఆగితే ఆ పెరడు ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది.

మేము ముగ్గురం, అంటే నేనూ శ్రీధరూ రామచంద్రప్పగారూ, ఎన్నిసార్లో చేసిన పనే కదా అని స్విచ్చీ వాల్వూ మేమే ఆపి దిగాం. చేతిపంపు ఎంత కొట్టినా నీళ్ళు రాలేదు. ఎండిన పంపులో ముందు చెంబెడు నీళ్ళు పోస్తేనే అది బావిలో నీళ్ళు అందుకుంటుంది. ఆ చెంబెడు నీళ్ళు ముందురోజే పట్టి పెట్టేది ఆవిడ. మేము పంపు కొట్టడం మాత్రమే చూశాం. శ్రీధర్ పంపును ప్రేమగా పలకరించాడు, తరవాత తిట్టాడు. చివరికి రామచంద్రప్పగారు మెల్లగా వెళ్ళి, భార్య కుర్చీ పక్కనున్న చెంబు తీసుకుని, పంపులో పోశారు. నేను చేసిన రాగిముద్ద సగం ఉండలు, సగం గంజి. పిల్ల నీళ్ళకు వాడే కుండ ఏదో తెలియక అన్ని కుండల నీళ్ళూ కాచాను. కట్టెలు అయిపోయాయి. ఆవిడ ఇదంతా చూస్తూ కొంగు నోట్లో కుక్కుకున్నారు. నవ్వు ఆపుకోవడానికనుకున్నాను. కాదు, మాట ఆపుకోవడానికి.

సాయంత్రం ఏం తప్పిందని ఆవిడ అడగలేదు. ఆ రోజు అడగడానికేమీ మిగల్లేదు. బదులుగా తన అత్తగారి సంగతి చెప్పారు. అత్తగారు ఇల్లంతా నింపి పెట్టుకునే మనిషట, ఎవర్నీ చేయి పెట్టనిచ్చేది కాదట. ఉన్నట్టుండి ఒక రోజు పోయింది. ఆ వెంటనే ఊళ్ళో గలాటా లేచి అంగళ్ళు మూసేశారు. కొత్త కాపురం, ఇంటినిండా జనం. బూడిద పూసి సొరబుర్రలో దాచిన అనపగింజలు, అంటే ఒక రకం చిక్కుడు గింజలు, కనబడితే ఈవిడ కడిగి ఉడకేశారు. “మా పొలంలో అనపకాయకు ఒక వాసన ఉండేదప్పా, కాయ విరిస్తే చేతికి జిడ్డు. ఆ జాతి విత్తనం అంతా ఆ బుర్రలోనే ఉండేది. నాకేం తెలుసు? విత్తనం వండుకొని తినేసినాము. రుచిగా ఉన్నిందని ఇంకో తూరి పెట్టించుకొన్నాము కూడా.” మళ్ళీ ఆవిడే అన్నారు: “అన్నీ ఉండే ఇంట్లో మనిషి లేకుంటే ఇంతే. అందుకే నేను పొయ్యేదానికి ముందే ఒకటి రెండు తూర్లు పోయి చూస్తాండాను.” ఆ వేసవిలోపు ఆవిడ చాలా ఆదివారాలు అలా ‘పోయారు’. ప్రతిసారీ మేము కొంచెం తక్కువ తప్పాం.

ఎండలు ముదిరాక ఒక పొద్దున ఆవిడ తడిసిన మెట్టు మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషను, ఆ తరవాత కె.ఆర్.పురంలో తమ్ముడింట్లో కొన్ని వారాలు. సరిగ్గా అప్పుడే మా వీధికి ట్యాంకర్లు రావడం మానేశాయి. ఇంటిని మేమే నడిపాం. ఆశ్చర్యం ఏమిటంటే, నడిచింది. పంపు పక్కన చెంబు ఎప్పుడూ నిండుగా ఉండేది. పిల్లకు వేరే కుండ, స్నానం నీళ్ళు సీమవంకాయకు, బావి లోపలి చుట్టు ఒరల్లో ఏది నీళ్ళ పైకి తేలితే ఏ ఖర్చు ఆపాలో అందరికీ తెలుసు. రాగిముద్ద రామచంద్రప్పగారు నాకంటే నున్నగా చేసేవారు. ఆఫీసుకు నేను ఒక్క రోజూ మానలేదు, నలిగిన బట్టలతో వెళ్ళాను గానీ.

అప్పుడు ఎదురింటావిడ బిందె పట్టుకుని గేటు దగ్గరికొచ్చింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. పంపు చప్పుడు వీధంతా వినబడుతోంది, దాచేది కాదు. ఇలాంటిదొకటి వస్తుందని ఏ లేని దినంలోనూ మేము అనుకోలేదు. బావిలో కింది ఒరలు అప్పటికే బయటపడ్డాయి. ఇస్తే మేఘకు ఉంటాయో ఉండవో. బావి ఎండితే సామాను సర్దుకుని తెనాలి రైలెక్కాల్సిందే. ఇవ్వకపోతే ఆ బిందెల ముందు రోజూ పంపు ఎలా కొట్టాలి? రామచంద్రప్పగారు నా ముఖం చూశారు. నేను ఫోను తీసి పెద్దమ్మకు చేశాను. అంతా విన్నారు.

“నేను లేను కదప్పా” అన్నారు.

“పెద్దమ్మా, ఇది ఆట కాదు.”

“ఆట కాదనే చెప్తాండా. బావి ముందర నిలబడుండేది నువ్వు. ఒర చూస్తాండేది నువ్వు. నువ్వు చెప్పు.”

ఫోను పెట్టేసి గేటు తీశాను. ఇంటికొక బిందె, పొద్దున పూట మాత్రమే, ఎవరి నీళ్ళు వాళ్ళే కొట్టుకోవాలి, మోటారు మాటెత్తకూడదు అని చెప్పాను. మా వాటాలో బట్టలు ఉతకడం ఆపేశాను. వారం తిరక్కుండానే అంతమంది చేతులు పడి పంపులో తోలు వాషరు అరిగిపోయింది. మా మెట్ల కింది గదిలో అన్నీ ఉన్నాయి, వాషరు లేదు. ఎదురింటాయన ఎక్కడో వెతికి పాత తోలుముక్క తెచ్చి, కోసి, నూనెలో నానబెట్టి బిగించాడు. పంపు ఆగింది ఒక్క పూటే. బావి రోజూ కొంచెం దిగేది, పొద్దునకు కొంచెం ఊరేది. భయపడుతూ చూస్తుండగానే మామిడి జల్లులు పడ్డాయి. బావి ఎండలేదు. మేము రైలెక్కలేదు.

పెద్దమ్మ చేతికర్ర పట్టుకుని ఇంటికొచ్చిన రోజు నేరుగా బావి దగ్గరికే వెళ్ళారు. మూత తీయించి తొంగిచూసి, నా వైపు తిరిగి, ఏం తప్పిందని అడిగారు. వాషరు సంగతి, దాన్ని ఎవరు బాగుచేశారో చెప్పాను. “ఇన్నేండ్లు వాకిలి లోపలే లెక్క చూసినాను. బయట ఉండేవాళ్ళు కూడా మన నిలవే అని నాకు తోచలేదే” అన్నారు. ఆవిడ నా దగ్గర నేర్చుకున్న మాట అదొక్కటి. నేను ఆవిడ దగ్గర నేర్చుకున్నవి చెప్పాలంటే ఈ కాగితం చాలదు.

ఆవిడ పోయి కొంతకాలమైంది. ఆ రోజు కాడుగోడి ఇంటికి ఎందరో వచ్చారు. ఏ గిన్నె ఎక్కడుందని ఎవరూ ఎవర్నీ అడగలేదు. రామచంద్రప్పగారు కళ్ళు తుడుచుకుంటూనే పంపులో చెంబెడు నీళ్ళు పోసి కొట్టడం మొదలుపెట్టారు. ఆ ఇంట్లో దుఃఖం తప్ప ఏదీ కొత్తగా నేర్చుకోవలసి రాలేదు.

నాకు మిగిలింది ఆముదం చిట్కా ఒక్కటే కాదు. నేను లేకపోతే ఈ ఇల్లు నడవదు అనుకోవడంలో ఒక తీపి ఉంది. ప్రతి ఇల్లాలికీ, ప్రతి ఆఫీసులో పెద్దలకీ తెలిసిన తీపి. ఆ తీపికి చీమలు పడతాయని తెలిసినదాన్ని కాబట్టి, నెలకొక ఆదివారం బాల్కనీలో కుర్చీ వేసుకుని ‘లేకుండా’ కూర్చుంటాను. నోరు మూసుకోవడం నాకు పెద్దమ్మ అంత బాగా రాలేదు, ఇంకా సాధన చేస్తున్నాను. ఇప్పుడు మేఘ బడికి వెళుతోంది. ఈ ఆదివారం తండ్రీ కూతుళ్ళు వంటింట్లో ఏదో గట్టిగా వాదించుకుంటున్నారు, పొయ్యి మీద పాలు పొంగడానికి వచ్చిన చప్పుడు నాకు ఇక్కడికి వినబడుతోంది, వాళ్ళకు వినబడుతున్నట్టు లేదు.

నేను లేవలేదు.