స్వరాజ్యం ఉతికిన తెల్లచొక్కాలు

మగపిల్లల హాస్టల్లో విడిచిన బట్టల కుప్ప పక్కన ఎప్పుడైనా నిలబడ్డారా? నేను రెండేళ్లు నిలబడ్డాను. మైత్రీవనం వెనక సందులో మా బాబాయ్ హనుమత్ప్రసాద్ నడిపే హాస్టల్లో, ఉద్యోగం వెతుక్కోవడానికొచ్చిన నాకు తిండీ పడకా ఊరికే. అందుకు బదులుగా వారానికి రెండుసార్లు డాబా మీద బట్టలు తీసుకుని, ఉతికాక ఎవరివి వాళ్లకి పంచాలి. జావా నేర్చుకోవడానికొచ్చిన నలభై మంది చెమట, వారం నాటి మేజోళ్లు, సాంబారు ఒలికిన లుంగీలు, గోరుతో గీకితే ఊడొచ్చే మెడపట్టీల జిడ్డు. 

ఆ కుప్పలో చెయ్యి పెట్టి, మొహమైనా చిట్లించకుండా ఒక్కో బట్టా విడదీసేది స్వరాజ్యం. వయసు యాభై పైమాటే. పెళ్లయిన కొత్తలో జనగామ వైపు పల్లె నుంచి వచ్చి ఎర్రగడ్డలో ఉండిపోయింది. మొగుడు సాయిలుకు పంజాగుట్టలో ఇస్త్రీ బండి. ఒకప్పుడు శ్రీనగర్ కాలనీలో ఇరవై ఇళ్లకు ఉతికేది. అందులో సినిమావాళ్ల ఇళ్లు కొన్ని. రంగుల బట్టల గుణాలన్నీ అక్కడే నేర్చుకున్నానని చెప్పేది. సాఫ్ట్‌వేర్ జీతాలొచ్చి ఇంటింటికీ వాషింగ్ మెషీన్లు దిగాక ఒక్కో ఇల్లే మానిపించేసింది. 2006 నాటికి ఆమెకు మిగిలింది మా హాస్టలొక్కటే. ఇదీ పోతే ఈ వయసులో ఇంకోటి దొరకదని ఆమెకీ తెలుసు, మాకూ తెలుసు.

కొత్త బట్ట కనబడితే చాలు, అంచు తడిపి తెల్ల పీలికలో పెట్టి పిడికిట్లో నలిపేది. పీలికకు రంగు దిగితే ఆ బట్టకు దొంగ అని పేరు పెట్టేది. కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న నల్ల జీన్సులు, ఎర్ర టీషర్టులు అన్నీ దొంగలే. మూడు నాలుగు ఉతుకులు వాటికి వేరే బకెట్టు. తెల్లవి ఎప్పుడూ మొదటి నీళ్లలోనే. బకెట్టు ఖాళీదే అయినా ఒకసారి నీళ్లతో తొలిచి, అడుగు చూసి గానీ తెల్లబట్ట వేసేది కాదు. గళ్లుప్పు వేస్తే రంగు నిలుస్తుందంటారు కదా అని ఒకసారి అడిగాను. అంటరు గని నాకు నమ్మకం లేదు, ఏరి పెట్టుడే మందు అంది. ఇన్నేళ్లలో ఒకరి రంగు ఇంకొకరి బట్టకు అంటించిన పాపాన పోలేదు. ఆమె గొప్ప చెప్పుకునేది అదొక్కటే.

ఆ ఏడాది రత్నమాల పిన్ని పోరు పడలేక బాబాయ్ మెషీన్ కొన్నాడు. స్వరాజ్యం భయపడింది. బట్టలు వేసేదీ తీసేదీ ఆరేసేదీ నువ్వే, మానిపించం అని పిన్నే మాటిచ్చింది. శుక్రవారం పొద్దున డాబా మీద మెషీన్‌కు పూజ చేసింది. పసుపు రాసింది, బొట్లు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది. ఖాళీ డ్రమ్ముతో మొదలుపెడితే లక్ష్మి నిలవదని లోపల ఆకూ వక్కా అరటిపండూ పెట్టి, వాటి కింద ఎర్ర జాకెట్టు ముక్క పరిచింది. ఎవరూ కుట్టించుకోకుండా పేరంటం నుంచి పేరంటానికి తిరిగే రకం అది. ఇంతలో పదిన్నరకు రాహుకాలం వచ్చేస్తోందని బాబాయ్ గోల మొదలుపెట్టాడు. పిన్ని హడావిడిగా తాంబూలం వరకు తీసింది, గుడ్డ వదిలేసింది.

తొలి ఉతుకు తెల్లవైతే శుభమట. మర్నాడు వాక్-ఇన్ ఇంటర్వ్యూ ఉన్న పదిహేను మంది చొక్కాలు స్వరాజ్యం అప్పటికే ఏరి పెట్టింది. వెయ్యబోయే ముందు డ్రమ్ము ఒకసారి తొలుస్తానంది. పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది. పూజ చేసిన వస్తువు, మొదటి ఉతుకు అయ్యేదాకా నువ్వు ముట్టుకోకు అంది. నలభై మంది మురికి పిసికే చేతులు మెషీన్‌ను ముట్టుకుంటే మైలపడుతుందట! నాకు ఒళ్లు మండింది. అయినా చొక్కాలు నేనే డ్రమ్ములో కుమ్మరించాను. బాబాయ్ బటన్ నొక్కి కిందికి వెళ్లాడు.

ఆగాక మూత తీశాను. చొక్కాలన్నీ గులాబీ రంగు. ఒకదాన్నొకటి లాగుతుంటే అడుగున జాకెట్టు ముక్క చేతికి తగిలింది. పిన్ని నా పక్కనే ఉంది, చూసింది. కిందినుంచి బాబాయ్ మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించింది. పిన్ని నావైపు తిరిగి తల అడ్డంగా ఊపింది. నేను ఆ గుడ్డను పిండి, చొక్కా కింద నడుములో దోపుకున్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు. ఊరికే పెడుతున్న కూడు పోతుందేమోనని చేశాను, అంతే. నీళ్లు తెస్తానని కిందికెళ్లి దాన్ని సందు చివర చెత్తకుండీలో పడేసి వచ్చాను.

వచ్చేసరికి డాబా నిండా కుర్రాళ్లు. కేదార్ అనేవాడైతే ఏడుపు ఒక్కటే తక్కువ. వాడికున్న తెల్లచొక్కా అదొక్కటే. ఏదో రంగుబట్ట కలిపేసి ఉంటావని బాబాయ్ అందరి ముందూ స్వరాజ్యాన్ని పట్టుకుని కడిగేస్తున్నాడు.

"రంగుబట్ట ఒక్కటి సుత నేను కలపలే సారూ. డబ్బ లోపట సూస్తనంటే అమ్మ సూడనియ్యలే" అంది స్వరాజ్యం.

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అన్నాడు బాబాయ్. పిన్ని తులసికోట వైపు తిరిగి, లేని ఎండుటాకులు ఏరడం మొదలుపెట్టింది. స్వరాజ్యం నావైపు చూసింది. నేను నా చెప్పులు చూసుకున్నాను.

బాబాయ్ బ్లీచింగ్ పౌడర్ డబ్బా తెస్తే ఆమె పక్కన పెట్టేసింది. చొక్కాల్లో సగం టెరికాటన్‌వి, పచ్చబడి చస్తాయంది. ఎండలో వెయ్యొద్దు, ఇస్త్రీ అసలే పెట్టొద్దు, రంగు ఆరిందంటే ఇక ఊడదంది. తొట్టి నిండా చన్నీళ్లు పట్టి సబ్బుపొడి గట్టిగా కలిపి చొక్కాలు నానేసింది. నీళ్లు ఎర్రబడగానే పారబోసి మళ్లీ పట్టింది. తిండి మాటే లేదు, కుర్రాళ్ల తిట్లు వింటూనే తొమ్మిదిసార్లు నీళ్లు మార్చింది. నేను బకెట్లు మోశాను. మోస్తే పాపం తగ్గుతుందనుకున్నాను కాబోలు, సిగ్గులేని వెధవని. నాలుగయ్యేసరికి పదిహేనూ తెల్లగా తీగ మీదున్నాయి. బాబాయ్ ఒక్కోటి ఎత్తి చూశాడు, వంక దొరకలేదు. అయినా రేపటినుంచి రానక్కర్లేదని ఆమెతో చెప్పి కిందికి పోయాడు. మాటిచ్చిన పిన్ని ఆయన వెనకే మెట్లు దిగింది.

స్వరాజ్యం తొట్టి కడిగి బోర్లించింది. నా దగ్గరికొచ్చి నడుం దగ్గర నా చొక్కా అంచు రెండు వేళ్లతో పట్టుకుంది. గంధం రంగు చొక్కా మీద అరచెయ్యంత ఎర్ర మరక. బకెట్ల నీళ్లు ఒలికి అది ఇంకా తడిగానే ఉంది. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది.

"ఇప్పు బిడ్డా" అంది. "ఇంక పచ్చిగనే ఉన్నది. పోతది."

అప్పుడైనా చెప్పొచ్చు. బాబాయ్ కింది గదిలోనే ఉన్నాడు, పద్దెనిమిది మెట్లు దిగితే చాలు. నేను చొక్కా విప్పి ఆమె చేతికిచ్చాను.

బనీనుతో నిలబడి చూస్తూంటే ఉతికింది, జాడించింది, వెలుగుకు పెట్టి చూసి మళ్లీ జాడించింది. తీగ మీద వేసి, చేతులు కొంగుకు తుడుచుకుని, మెషీన్ పక్కనుంచి దాన్ని ముట్టుకోకుండా వెళ్లిపోయింది.

మర్నాడు ఇంటర్వ్యూకి నేనూ వెళ్లాలి. మరక జాడ ఎక్కడైనా ఉందేమోనని ఆ చొక్కాను తిప్పి తిప్పి చూశాను. లేదు.  అదే తొడుక్కుని, టక్ చేసుకుని వెళ్లాను.