జమ్మలమడుగు బడికి రంగూన్ పిల్ల

రంగూన్ నుంచి మాలాగే కట్టుబట్టలతో వచ్చి, పిల్లలను ఇక్కడి బడుల్లో వేయాలనుకునేవారికి పనికొస్తుందని ఈ ఒక్కరోజు ప్రయాణం రాస్తున్నాను. మా సరోజకు తొమ్మిదేళ్లు. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గాని చదివింది బర్మా అక్షరాలు. మేముంటున్న కమలాపురంలో, ప్రొద్దుటూరులో బడులవాళ్లు చేర్చుకోం అన్నారు. జమ్మలమడుగులో మా అక్క ఇల్లుంది. అక్కడి బడిలోనూ కాదంటే దాని చదువు ఆగినట్టే.

ఉదయం ఆరున్నరకు కమలాపురంలో బస్సెక్కి ఎనిమిదికి ప్రొద్దుటూరులో దిగాం. హోటల్లో సరోజకు బొరుగుల ఉగ్గాని పెట్టించాను. ఎనిమిదీ ముప్పావుకు జమ్మలమడుగు బస్సు దొరికింది.

పిల్ల ముచ్చటగా కనబడాలని మా ఆవిడ పొద్దున్నే బర్మా నుంచి తెచ్చిన చెక్కను గంధంలా అరగదీసి దాని చెంపలకు పసుప్పచ్చగా పూసింది. బర్మాలో పిల్లలందరికీ అది మామూలే. ఎదుటి సీట్లోని పులివెందుల ముసలామె దాన్ని చూసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏమప్పా, పాపకు అమ్మవారు పోసిందా? వేపాకు, పసుపు నూరి పూసినట్లుండాదే!"

బస్సంతా కలకలం రేగింది. కండక్టరు బస్సాపించాడు.

"మశూచి పిల్లను యాడికి తీసకపోతాండావు? దిగు ముందు!"

తువ్వాలు తడిపి దాని చెంపలు ఎర్రబడేదాకా తుడిచాను. కింద చర్మం నున్నగా ఉందని చూశాకే బస్సు కదిలింది. సరోజ ఏడవలేదు, అదే నన్ను ఇంకా భయపెట్టింది.

పదింటికి బడి. హెడ్మాస్టరు గుండ్రటి బర్మా అక్షరాల్లో ఉన్న దాని సర్టిఫికెట్టు తిప్పి తిప్పి చూశాడు.

"ఏందప్పా ఇది, అన్నీ సున్నాలే ఉండాయి!"

నోటిలెక్కలు అడిగాడు. సరోజ టకటకా చెప్పింది.

"మూడో తరగతిలో కూర్చోనీ. దసరాలోపల అక్షరాలు రాకుంటే ఒకటిలోకి దించుతా."

సాయంత్రం దాకా వరండాలో కూర్చున్నాను. లోపల పిల్లలు దాన్ని ఏ ఊరని అడగడం, అది "రంగూన్" అనడం, తరగతంతా పకపకా నవ్వడం వినిపించాయి.

నాలుగున్నర బస్సుకు తిరిగి బయలుదేరాం. సోమవారం నుంచి అక్క ఇంట్లో ఉండి చదువుకోవాలి. పక్కన కూర్చున్న చీరల వ్యాపారి పలకరించాడు.

"మీది యాడ పాపా?"

నేను నోరు తెరిచేలోపే "కమలాపురం" అంది సరోజ, తడుముకోకుండా.

వచ్చేవారికి ఇంత చెప్పగలను: బస్సులు వేళకే ఉన్నాయి, బడి దొరుకుతుంది. ఉదయం నుంచి దాన్ని ఎవరూ చేర్చుకోరేమోనని భయపడ్డాను. ఇప్పుడు పుట్టిన ఊరి పేరు చెప్పడానికి నా కూతురు జంకుతోందని అంతకంటే భయం వేసింది. వ్యాపారి నా వైపు తిరిగాడు.

"అవునప్పా, కమలాపురమే," అన్నాను.