గేటు కాడ దేవుడు

"పైన ఎవరూ లేరని ఇంకోసారి చెప్పయ్యా" అని సంఘపెద్ద నా చెయ్యి పట్టుకున్యాడు. మనిషి మంచానికి అతుక్కుపోయి ఉండాడు. ఈ రోజు కోసం నేను ఎన్నేండ్లు కాచుకున్యానో ఆయనకేం తెలుసు!

బెళుగుప్ప పక్క పల్లెలో నేను పాస్టరుగా ఉన్నప్పటి మాట. మా దిక్కు బోరు వేసే ముందు హిందువులు టెంకాయ కొడతారు, మా సంఘమోళ్లు పాస్టరుతో ప్రార్థన చేయిస్తారు. ఈ పెద్దాయన తన చేన్లో బోరు బండి నిలబెట్టి నన్ను పిలిపించినాడు. నేను నీళ్లియ్యమని అడగలేదు. నీళ్లు పడితే పంచుకునే మనసు, పడకపోతే ఒకరినొకరు ఆదుకునే మనసు మాకు రావాలని చెప్పి ఆమెన్ అన్యా.

"ఇదేం ప్రార్థనప్పా?" అన్యాడు.

"పైన కొళాయి తిప్పేటోడు ఎవడూ కూర్చోలేదు పెద్దాయనా. మనుషుల మధ్య ఉండే ప్రేమకే మనం దేవుడని పేరు పెట్టుకున్యాం. యేసు బతికి చూపించింది అదే" అని ఉన్నదున్నట్టు చెప్పినా.

బోరులో ఉత్త దుమ్ము లేచింది. అంతే, నా అవిశ్వాసం వల్లే నీళ్లు పడలేదని సంఘమంతా నా మీద పడింది. చర్చి నుంచి వెళ్లగొట్టినారు. పోతే పోయిందనుకున్యా.

ఆ ఎండాకాలమే మా నాయన పోయినాడు. ఆ చర్చి కట్టేటప్పుడు రాళ్లు మోసిన మనిషి. సమాధుల తోట గేటుకు సంఘపెద్ద తన చేత్తోనే తాళమేసినాడు.

"దేవుడు లేడనేవాని నాయనకు ఈడ చోటు యాడిది?" అన్యాడు.

పెట్టె నేల మీద దించి బతిమాలినా. కాళ్లు పట్టుకున్యా. థూ, రాయి కరుగుతుందేమో గానీ ఆ మనిషి కరగలేదు. నాయనను మా బీడు చేన్లోనే పూడ్చినాం. ఆ గేటు పట్టుకొని మాయమ్మ ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా కడుపులో మండుతాండాది.

ఇప్పుడు ఆయనే కబురు పెట్టినాడు. కొత్త పాస్టరు స్వస్థత ప్రార్థనలు చేసి చేసి, తగ్గకపోయేసరికి నీకు విశ్వాసం చాల్లేదని చెప్పి పోయినాడంట. సచ్చినాక దేవుడు తీర్పు తీరుస్తాడనే భయంతో పెద్దాయనకు నిద్ర లేదు.

"లేడంటివి గదా. ఆ మాటే చెప్పు, నిమ్మళంగా కండ్లు మూస్తా" అన్యాడు.

నేను వంగి ఆయన చెవి కాడ చెప్పినా.

"ఉండాడు పెద్దాయనా. అచ్చం నీ మాదిరే ఉండాడు. తాళంచెవి పట్టుకొని గేటు కాడ నిలబడి ఉండాడు."

ఆయన నా చెయ్యి వదిలేసినాడు. నా కడుపు చల్లబడింది, దాచేదేముంది. చెప్పులేసుకొని ఇంటికి వచ్చేసినా.