ఒక నంబరు ఒకరికే

అనుమానం నాకు పుట్టుకతోనే వచ్చింది. కూరగాయలు తూచేటప్పుడు కూరగాయల వైపు కాదు, తూకం రాళ్ల వైపు చూసే మనిషిని. బీదర్‌లో ఒక కంటి ఆపరేషన్ల ట్రస్టుకు పైథాన్‌లో వెబ్‌సైట్ చేస్తూ పేషెంట్ల పట్టిక తెరిచాను. బగ్దల్ అనే ఊరి నుంచి పద్నాలుగు మంది ముసలమ్మలు. పద్నాలుగు మందికీ ఒకటే ఫోన్ నంబరు.

ఇంకేముంది, దొంగ దొరికిందనుకున్నాను. ట్రస్టు తరఫున ఊళ్లు తిరిగి పేర్లు రాసుకొచ్చే అక్క ఇంట్లో కూర్చునే రాసేస్తోందని నాకు రూఢి అయిపోయింది. ఒక్క మాట అడగలేదు. ఆ పేర్లన్నీ తీసేసి, వెబ్‌సైట్ ఫారంలో ఫోన్ నంబరు గడికి షరతు పెట్టాను: పది అంకెలుండాలి, ఒక నంబరు ఒకరికే ఉండాలి. మళ్లీ ఎక్కించమన్నాను. ఫారం తీసుకోవడం లేదని ఆమె రెండుసార్లు ఫోన్ చేస్తే, సరైన నంబర్లు రాస్తే ఎందుకు తీసుకోదని కసిరాను. మూడోసారి చెయ్యలేదు. సాయంత్రానికి పద్నాలుగు పేర్లూ పద్నాలుగు నంబర్లతో ఎక్కాయి. భయపెడితే గానీ పని జరగదని మురిసిపోయాను కూడా.

ఆపరేషన్ తారీఖు అందరికీ మెసేజ్ వెళ్లింది. ఆ రోజు బగ్దల్ నుంచి ఒక్కరూ రాలేదు.

మర్నాడు అక్కను పిలిచి నిలదీశాను.

"ఆ గల్లీల చదువొచ్చినామె ఒక్కతే సార్, బట్టలు కుడతది. ఎవరికి ఫోనొచ్చినా ఇంటింటికి పోయి చెప్తది. అందుకే అందరు ఆమె నంబరే ఇస్తరు," అంది.

మరి ఈ కొత్త నంబర్లేమిటన్నాను. ఆమె తల దించుకోలేదు.

"నిజం రాస్తే మీ ఫారం వద్దన్నది. ఆఖరి అంకెలు మార్చి రాసిన, తీసుకున్నది."

చెప్పడానికి సిగ్గుగా ఉంది, అప్పటికీ నమ్మలేదు నేను. ఆమె ఎదురుగానే ఆ పాత నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తిన ఆడమనిషి వెనక కుట్టుమిషన్ చప్పుడు వినిపించింది. కంటి ఆపరేషన్ల ట్రస్టు నుంచి అన్నానో లేదో, మిషన్ ఆగింది.

"తారీఖు వచ్చిందా సార్? ముసలోళ్లు దినాం అడుగుతుండ్రు."

అది నిన్ననే అయిపోయిందని చెప్పాను.

షరతు తీసెయ్యడానికి అర నిమిషం పట్టింది. డాక్టరు మళ్లీ వచ్చేది మూడు నెలలకు. అందాకా ఆ పద్నాలుగు మందీ గోడ పట్టుకుని నడవాల్సిందే.