ఇద్దరి పేర్ల ఖాతా

సోఫాలు కుట్టే ఈ మేస్త్రీని వీధిలో అందరూ స్పాంజి అనే పిలుస్తారు. చేసే పనిని బట్టి పెట్టిన పేరే గానీ, ఎవరెన్ని మాటలన్నా లోపలికి పీల్చుకుని పైకి ఏమీ కనబడనివ్వడు కాబట్టి అది అతనికి అతికినట్టు సరిపోయింది. ఎంత నెమ్మదస్తుడో అని అందరూ మెచ్చుకునేవాళ్లు. ఆ నెమ్మదితనమే చివరికి కొంప ముంచింది.

అతనికి ఉన్నదల్లా ఒక్క అక్క. అమ్మానాన్నలు పోయాక ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతలు పెడుతూ తమ్ముణ్ణి పెంచింది. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, "ముందు వీడి చొక్కా గుండీలు వీణ్ణి సరిగ్గా పెట్టుకోనివ్వండి" అని నవ్వి తప్పించుకునేది. గుండీలు పెట్టుకోవడం వచ్చేసరికి ఇద్దరికీ జుట్టు నెరిసింది. తమ్ముడు మొదటి జీతం తెచ్చిన రోజున అతన్ని బ్యాంకుకు లాక్కెళ్లి తన ఖాతాలో అతని పేరు కూడా రాయించింది.

"రేపు నాకేమన్నా అయితే నువ్వు ఎవడి ముందూ చెయ్యి చాచకూడదురా" అంది.

అప్పట్నుంచీ ఇద్దరి సంపాదనా అందులోనే పడేది. తాము అక్కాతమ్ముళ్లమని రుజువేంటని ఎవరైనా అడిగితే ఆ పాస్‌బుక్కే చూపిస్తానన్నంత మురిపెం అతనికి.

ఉండేది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కుట్టు మిషనూ, స్ప్రింగులూ, బట్ట చుట్టలూ. వెనక గదిలో స్పాంజి దిమ్మలు, వాటి మధ్య అక్క మంచం. ఆ గదికి కిటికీ లేదు. దూది దుమ్ముకి ఆమె పొద్దున లేస్తూనే తుమ్ములతో లేచేది. అందుకే ఎదురింటి మేడ మీద గది ఖాళీ అయిందని వినగానే పరుగెత్తింది. వీధి వైపు వెడల్పాటి కిటికీ, దాని కింద ఆ పొడుగునా మనిషి కూర్చునేంత గట్టు. అడ్వాన్సు కోసం ఎన్నాళ్లుగానో కూడబెడుతోంది. నెలాఖరు వరకూ ఎవరికీ ఇవ్వనని ఇంటావిడ మాటిచ్చింది. ఆ మర్నాడు తమ్ముడు టేపు జేబులో వేసుకుని, అక్కకి తెలియకుండా మేడెక్కి గట్టు కొలత తీసుకొచ్చాడు. మిగిలిన మంచి బట్టతో పరుపు కుట్టడం మొదలుపెట్టాడు.

అక్కకి తెలియకుండా చేసిన పని అదొక్కటే అయితే ఈ కథ చెప్పాల్సిన పనే లేదు. కొన్నేళ్ల కిందట ఒక హోటలు వాళ్లు హాలు నిండా కుర్చీలు కావాలన్నారు. అతను బ్యాంకులో అప్పు తీసుకుని తోలు కొన్నాడు, మనుషుల్ని పెట్టుకున్నాడు. కుర్చీలు సగం వెళ్లాక హోటలు మూతపడింది. ఆ అప్పు వాయిదాలకి క్రెడిట్ కార్డులు గీకాడు, ఆ కార్డుల బాకీకి ఇంకో కార్డు. పీకల్లోతుకి వచ్చాక సొంత పని మానేసి ఒక ఫర్నిచర్ కంపెనీలో జీతానికి చేరాడు. అక్క అడిగితే, "వయసు మీద పడుతోంది కదక్కా, నెల జీతమైతే నిశ్చింత" అన్నాడు. ఆమె నమ్మింది. నమ్మకేం చేస్తుంది, తను పెంచిన పిల్లాడు!

వసూలు వాళ్ల ఫోన్లు కంపెనీకే రావడం మొదలయ్యాక అతను అప్పుల సలహా కేంద్రానికి వెళ్లాడు. అక్కడి మేడమ్ ఓపిగ్గా అన్నీ విని, అప్పులిచ్చినవాళ్లతో పద్ధతి ప్రకారం ఒప్పందం రాసుకోవచ్చంది. జీతంలోంచి నెలనెలా కట్టగలిగినంతే కడతాడు, వడ్డీలు ఆగుతాయి, ఫోన్లు ఆగుతాయి.

"కార్డులు మాత్రం పోతాయి. ఇప్పుడున్న ఖాతా, అప్పున్న బ్యాంకులోనేనా?"

"అక్కడే మేడమ్."

"అయితే వేరే బ్యాంకులో మామూలు ఖాతా తెరిచి జీతం అందులోకి మార్పించుకోండి. పాతదాంట్లో ఇంకెవరి పేరైనా ఉందా?"

"మా అక్కది."

మేడమ్ కలం కింద పెట్టేసింది. "ముందు ఆవిడ డబ్బు తీసేసుకోమనండి. మీ పేరు అందులోంచి తీయించండి. ఆ తర్వాతే ఇక్కడ సంతకం. వాయిదాలు తప్పాయి కాబట్టి, ఈ ఒప్పందం కబురు అందగానే బ్యాంకు ఆ ఖాతాలో సొమ్ముని బాకీ కింద జమ వేసుకోవచ్చు. అందులో మీదెంత, ఆవిడదెంత అని చూడదు."

ఇంత చెప్తే అతని చెవికెక్కింది ఒక్కటే, పేరు తీయించండి అన్నది. ఆ మాట అక్కతో ఎలా అనడం? ఇంట్లోంచి వేరుపడతానన్నట్టు కాదూ?

ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని, "అక్కా, బ్యాంకు సంగతి..." అని నీళ్లు నమిలాడు.

"ఆఁ, వెళ్లాలిరా. శనివారం సెలవు పెట్టాను. అడ్వాన్సు తీసి ఇంటావిడ చేతిలో పెట్టేస్తే ఒక పనైపోతుంది."

ప్రాణం లేచొచ్చింది అతనికి. శనివారం తనే తీసేస్తోందిగా, ఇంక చెప్పడమెందుకు? తన జీతం మాత్రం చక్కగా కొత్త ఖాతాలోకి మార్పించుకున్నాడు. శనివారం దాకా ఊరుకున్నా గండం గడిచిపోయేది. కానీ గురువారం నాడు వసూలువాడు మళ్లీ ఫోన్ చేశాడు, సూపర్‌వైజర్ అందరి ముందూ ఫోన్ తెచ్చి చేతికిచ్చాడు. తల కొట్టేసినట్టయింది. మధ్యాహ్నమే సలహా కేంద్రానికి పరుగెత్తాడు.

"మీ అక్కగారి డబ్బు తీసేశారా?" అని మేడమ్ అడిగింది.

"అయిపోయింది మేడమ్" అన్నాడు. సంతకం పెట్టాడు. సాయంత్రానికే బ్యాంకుతో సహా అప్పులిచ్చినవాళ్లందరికీ కబురు వెళ్లింది.

శనివారం అక్క తిన్నగా బ్యాంకు నుంచి అతను పనిచేసే చోటికే వచ్చింది. ఇస్త్రీ బట్టలు, భుజాన ఖాళీ సంచి, కోపంతో ఎర్రబడ్డ మొహం.

"చూశావట్రా వీళ్ల నిర్వాకం! ఖాతాలో డబ్బు లేదట, నీ అప్పు కింద తీసుకున్నారట. మా తమ్ముడికి అప్పేంటి, కళ్లు పెట్టి సరిగ్గా చూడవే అని కౌంటర్లో పిల్లని చెడామడా తిట్టొచ్చాను. పద, నువ్వొచ్చి చెప్పు."

అతను కదల్లేదు. చేతిలో మేకులు చేతిలోనే ఉన్నాయి. ఆమె అతని మొహంలోకి చూస్తూ చూస్తూ సంచిని భుజం మీంచి దించింది.

"పాపం, ఆ పిల్లని ఊరికే తిట్టాను" అంది.

అబద్ధం చెప్పినందుకు సలహా కేంద్రం మేడమ్ అతన్ని తిట్టినా, అక్క డబ్బు తిరిగివ్వమని తన వంతుగా బ్యాంకుకి రాసింది. ఇద్దరి జీతాలూ ఇన్నేళ్లు కలిసిపోయిన సొమ్ములో అక్క వాటా ఎంతన్నది తేల్చడం ఎవరి వల్లా కాలేదు. కొద్దిగా తిరిగొచ్చింది. అప్పటికి ఎదురింటి మేడ కిటికీలో ఎవరివో పిల్లల బట్టలు ఆరుతున్నాయి.

కొత్త ఖాతా తెరవడానికి అక్క వెంట అతనూ వెళ్లాడు. జాయింటా అని అడిగితే, "ఒక్కదాని పేరే" అంది. పని పావుగంటలో అయిపోయింది. బయటికొచ్చాక అడిగింది.

"పేరు తీయించమని ఒక్కమాట అంటే పోయేదిగా. ఎందుకు చెప్పలేదురా?"

"పేరు తీస్తే నీకూ నాకూ తెగిపోతుందేమోననిపించిందక్కా."

ఆమె నడుస్తూనే చెప్పింది. "నీ కష్టం నాకంటే ముందు ఆ కౌంటర్లో పిల్లకి తెలిసింది చూడు, తెగింది అప్పుడురా."

తిట్టి ఉంటే పీల్చుకునేవాడు. ఈ మాట మాత్రం ఇప్పటికీ అతనికి లోపల పచ్చిగానే ఉంది.

పరుపు సగంలో ఉండిపోయింది. పారేయలేక, ఒక ఆదివారం కూర్చుని మిగతా వైపు కూడా కుట్టి, తెచ్చి అక్క మంచం మీద పరిచాడు. అది మంచం దాటి కిందికి వేలాడింది.

"ఇంత పొడుగేంట్రా?" అంది.

"ఆ కిటికీ గట్టు కొలతది."

అక్క దాని అంచు కుట్టు మీద చేత్తో మెల్లగా రాసింది.

"ఇది కూడా చెప్పలేదన్నమాట" అంది.