వలల కాగులో పడ్డ బొమ్మల పుస్తకం

ఇందాక పొయ్యి మీద టీ డికాషన్ మరిచిపోతే, మరిగి మరిగి ఇల్లంతా చిన్ననాటి మైపాడు సముద్రపొడ్డు వాసనొచ్చింది. నూలు వలల కాలం గుర్తుందా మీకు? ఉప్పునీళ్లకి కుళ్లిపోకుండా మా నాయన పెద్ద కాగులో తుమ్మచెక్క కాచి, ఆ కషాయంలో వలలు నానబెట్టేవాడు.

నా బొమ్మల్లో సముద్రానికి బట్టల నీలిమందు, ఇసుకకి పసుపు. పడవకి ముదురు రంగు కావాలని, నమిలిన వేపపుల్లే కుంచెగా కాగు మీదికి వంగాను. చంకలోని బొమ్మల పుస్తకం కాస్తా అందులో పడింది.

నా ఏడుపు విని నాయన కర్రతో తీసి, వలల పక్కనే ఆరేసినాడు.

"ఏడవబాకమ్మా. ఇంక సముద్రంలో పడేసినా కుళ్లదు" అన్నాడు నవ్వుతా.

పాత బొమ్మలు పోయినాయి గానీ, ఎండాక కాగితాలన్నీ మా ఒడ్డు రంగుకొచ్చినాయి. ఇంక అమ్మ పసుపు డబ్బా జోలికి పోలేదు. ప్రతి పేజీలో ఇసుక ముందే ఉంది, నేను సముద్రం వేస్తే చాలు.